మాట అందించని మా పెద్ద టీచరు

మా పెద్ద టీచరుగారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న, బళ్ళో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. ఫోను చేసింది ఆవిడ తమ్ముడు. "అక్క ఎలిపోనాది మేస్టారూ. తెల్లారగట్ల, నిద్దట్లోనే" అన్నాడు. వెంటనే పెట్టేశాడు. పిల్లలు వరుసల్లో నిలబడి ఉన్నారు. ఆ రోజు వార్తలు చదువుతున్న ఐదో తరగతి పిల్ల నా మొహం చూసి ఆగిపోయింది. "ఏం లేదమ్మా, నువ్వు చదివి పూర్తిచెయ్యి" అన్నాను. ఆవిడ ఉన్నా అదే అనేవారు. చదువుతున్న పిల్లని మధ్యలో ఆపితే ఆవిడకి ఒళ్ళు మండేది.

రెండేళ్ళుగా ఆవిడ డయాలసిస్ మీదే ఉన్నారు. కిడ్నీజబ్బు లేని ఇల్లు అరుదైన మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, "వారంలో ఏ రోజులు?" అని మాత్రం అడుగుతారు. కాబట్టి ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమైంది? ఆ రోజు ఒక్క పాఠమూ సరిగ్గా చెప్పలేకపోయాను. మర్నాడు సమాధి చేసి వచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఆవిడ గురించి రాయడమంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవడం కూడా. అదీ రాస్తాను.

పద్దెనిమిదేళ్ళ కిందట నేను ఆ బళ్ళో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. పలాసలో పుట్టి పెరిగినవాణ్ణి. డీఎస్సీలో మంచి ర్యాంకు, కొత్త బండి, ఖంగుమనే గొంతు. ఈ మూడూ కలిసి నన్ను నేలమీద నడవనిచ్చేవి కావు. బడి కవిటి దాటాక సముద్రం వైపు, కొబ్బరితోటల మధ్య ఉండేది. రెండు గదులు, ఒక వసారా, ఒక బోరింగు. ఇద్దరమే టీచర్లం. పెద్ద టీచరుగారు కూడా ఆ ఏడు జూన్లోనే బదిలీ మీద అక్కడికి వచ్చారు. ఒకటి, రెండు తరగతులు ఆవిడవి. మూడు, నాలుగు, ఐదు నావి. ఆవిడే హెడ్మాస్టరు కూడా. ఊరంతా పెద్ద టీచరు అనేవారు, నేను మేడం అనేవాణ్ణి.

ఆవిడది సంతబొమ్మాళి పక్క పల్లె. కవిటిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. శనివారం సాయంత్రం టెక్కలి బస్సెక్కి, ఆదివారం తమ ఊరి చర్చిలో ఆరాధన చూసుకుని, సోమవారం ప్రార్థన గంట వేళకి బళ్ళో ఉండేవారు. చిన్న అంచు నేత చీర, మగవాళ్ళు పట్టుకునే నల్ల గొడుగు, చోడి అంబలి పోసుకున్న స్టీలు క్యారేజీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు. మెచ్చుకోవడంలో మహా పిసినారి. రిజిస్టర్లు నింపడమంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టు చూసేవారు, ఆ పనంతా నా నెత్తిన పడేసేవారు. "రాత బాగుంటాది బాబూ నీది" అనేవారు. నాకు ఆవిడ ఇచ్చిన మొదటి మెప్పు అదే. చాలా కాలం వరకు ఆఖరిది కూడా.

నా క్లాసు మాత్రం చూడముచ్చటగా ఉండేది, వినడానికైతే ఇంకానూ. నేను ఒక వాక్యం చదివేవాణ్ణి. పిల్లలందరూ కలిసి ఒక్క గొంతుతో అనేవారు. పది రోజులకి ఒక పాఠం మొత్తం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పేవారు. పక్క తోటలో కాయలు దింపేవాళ్ళు చెట్టు మీదే ఆగి వినేవారు. ఎవరైనా చదువుతూ ఆగితే నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాణ్ణి. ఆగకుండా చదివితేనే చదువు వచ్చినట్టని నా లెక్క. వాళ్ళందరికీ ముందుండి చదివించే పిల్ల నాలుగో తరగతి నీలవేణి. ఆ పిల్ల గొంతెత్తితే మిగతావాళ్ళు తాళం వేసినట్టు అందుకునేవారు. తల్లి ఊళ్ళో జీడిపిక్కల పనికి వెళ్ళేది, తండ్రికి ఒంట్లో బాగుండేది కాదు.

నెల రోజులు ఆవిడ ఏమీ అనలేదు. ఒక సాయంత్రం గొడుగు విప్పుతూ, "నీ కళాసు విన్నాను బాబూ. రేపొచ్చి సూత్తాను" అన్నారు.

"విన్నారు కదా మేడం, మళ్ళీ చూడ్డమేమిటి?"

"గొంతులు విన్నాను. కళ్ళు సూడాల."

మర్నాడు వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. పాఠం గోల మొదలైంది. ఆవిడ పిల్లల మొహాలే చూస్తున్నారు. అంతా అయ్యాక నీలవేణిని పిలిచి, "ఇందులో పిచ్చుక గూడు అన్న మాటెక్కడుందో సూపించమ్మా" అన్నారు. ఆ పిల్ల పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. పాఠం మొత్తం ఇంకోసారి మొదటినుంచీ గడగడా చెప్పేసింది. తీరా చూస్తే తెరిచి ఉన్నది ఆ పాఠమే కాదు. ముందు పాఠం. దాని బొమ్మలో కూడా ఒక చెట్టు ఉంది, అంతే. మరో నలుగురిని అడిగారు. ఇద్దరు చూపించారు, ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు.

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే కోపమూ వచ్చింది. పక్కన హెడ్మాస్టరు కూర్చుంటే పిల్లలు బెదరరా? తల్లిదండ్రులంతా నా క్లాసుని మెచ్చుకుంటున్నారా లేదా? ఇవన్నీ పైకే అన్నాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని లేచి, "సరే బాబూ, ఆలోసించుకో" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. నేను ఏమీ ఆలోచించుకోలేదు. మర్నాడు ఇంకాస్త గట్టిగా చదివించాను.

ఇంకో నెల గడిచిందో లేదో, నీలవేణి తల్లి పిల్ల రెక్క పుచ్చుకుని బడికి వచ్చింది. రెండో చేతిలో నలిగిన చీటీ ఒకటి ఉంది. తండ్రిని చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, మళ్ళీ రక్తపరీక్షకి ఎప్పుడు రావాలో నర్సమ్మ తెలుగులో రాసిచ్చిన చీటీ. తల్లికి అక్షరం రాదు. తండ్రికీ రాదు. ఇంట్లో చదువుకున్నది ఈ పిల్లే కదా అని దానిచేత చదివించుకున్నారు.

"గడగడా సదివినాది మేస్టారుబాబూ. సోమవారం పరగడుపున రమ్మన్నారని సదివినాది" అంది తల్లి. "పని మానుకున్నాను. ఆయన సూత్తే రెండడుగులెయ్యనేడు. ఆటోలో కూకోబెట్టుకుని తీసుకెళ్తే, అమ్మా ఇది గురువారం కదా, ఇయ్యాల కాదు కదా అన్నారు. పరగడుపుతో ఎళ్ళినోడు అక్కడే కళ్ళు తిరిగి కూలబడిపోనాడు. నాలుగేళ్ళు బడికొచ్చి ఇదేటి నేర్సుకున్నాది? రేపట్నుంచి బడి నేదు, ఏటీ నేదు. నాతోపాటు పిక్కలకి వత్తాది."

పిల్ల చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి. నేను వంగి, "రాకపోతే రాదని చెప్పాలి కదమ్మా, ఎందుకలా చదివావు?" అని అడిగాను.

"ఆగితే రానట్టు కదా మేస్టారూ. అందుకే ఆగనేదు" అంది నీలవేణి.

ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. ఆస్పత్రి చీటీ అంటే ఎప్పుడు రావాలో ఉంటుందని దానికి తెలుసు. తెలిసిన ముక్కలన్నీ ఏర్చి, నేను నేర్పిన రాగంలో, నేను నేర్పినట్టే ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఆ పిల్ల లెక్కలో చదవడమంటే అదే. అయినా సిగ్గు ఒప్పుకోనిస్తుందా? "ఇంటి దగ్గర పుస్తకం తీయిస్తే కదమ్మా" అంటూ తల్లి మీదికి నెట్టబోయాను. ఇంతలో పెద్ద టీచరుగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"తప్పు పిల్లది కాదమ్మా. మేం నేర్పిన సదువే అది సదివింది. తప్పు మాది" అన్నారు, తల్లితో.

తల్లి తగ్గలేదు. "తప్పు మీదైతే ఏటి సేత్తారు?"

"ఏసంగి సెలవల దాకా పిల్లని నాకొదులు. సదవడం రాకపోతే అప్పుడు నువ్వే తీసుకుపో. నానడ్డం రాను."

వేసవి సెలవులు మూడున్నర నెలల్లో ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల బతుకుని పందెంలో పెట్టినట్టు ఏమిటీ మాట? తల్లి వెళ్ళాక అదే అడిగాను. ఆవిడ అంబలి క్యారేజీ మూత తీస్తూ, "మరేం సెప్పమంటావు? ఇంకో నాలుగేళ్ళు నమ్మమని సెప్పాలా?" అన్నారు. ఆ తర్వాత, అంతకుముందెన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. చిన్నప్పుడు ఆదివారం బళ్ళో కీర్తన ఒకటి అప్పజెప్పి ఆవిడ బహుమతి గెలుచుకున్నారట. చేతిలో బైబిలు తెరిచి పట్టుకుని, పేజీలు తిప్పుతూ మరీ చెప్పారట. అప్పటికి అందులో ఒక్క మాట కూడా చదవడం రాదు. వీధిలో ఒకామె పట్నంనుంచి వచ్చిన కొడుకు ఉత్తరం చదివిపెట్టమని పిలిస్తే, రెండు రోజులు జ్వరమని ముసుగుతన్ని పడుకున్నారట. "నీలవేణిని సూసిన రోజే గుర్తుపట్టినాను బాబూ. నువ్వు నొచ్చుకుంటావని నెల్లాళ్ళు నోరు మూసుకున్నాను. అది నా తప్పు. పిల్ల కన్నా నీ మొహమాటం ఎక్కువైపోయింది నాకు" అన్నారు. నన్ను ఆవిడ ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు కానీ, ఆ మాట తగిలినంత గట్టిగా ఏ తిట్టూ తగల్లేదు.

మర్నాటినుంచి నా క్లాసులో రాగం ఆగిపోయింది. బడి మూగబోయినట్టుందని ఊళ్ళోవాళ్ళు అడిగేవారు. ఆవిడ వసారాలో ఒక పీట వేసుకుని, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచేవారు. రోజుకి ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, అంతే. ఆ కాసేపూ ఆ పిల్లే లోకం. మిగతావాళ్ళు గదిలో నా దగ్గర. నాలుగు రోజులయ్యాక పీట మీద నన్ను కూర్చోబెట్టి తను గదిలోకి వెళ్ళారు. అక్కడ మొదలైంది నా అసలు ట్రైనింగు.

మొదటి రోజే నీలవేణి వేళ్ళు చూపించారు. అంతకుముందు మాట కింద వేలు పెట్టి చదవమంటే ఆ పిల్ల చెయ్యి వెనక్కి దాచుకునేది. మొండితనం అనుకుని కసిరేవాణ్ణి. పొద్దున్నే తల్లితో కూర్చుని పిక్కలు ఒలిస్తే జీడిసొనకి చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. కాగితానికి తగిలితే మంట. ఆవిడ కొబ్బరి ఈనె ఒకటి విరిచి, కొసని గోటితో నున్నగా చేసి చేతికిచ్చారు. "దీంతో మాట కింద పెట్టు. ఈనె కదిలితేనే నోరు కదలాల" అన్నారు. వారం తిరిగేసరికి బడి మొత్తం ఈనెలే. కొబ్బరితోటల మధ్య బడికి ఈనెలకేం కరువు?

అఆల వరస ఆవిడ పక్కన పెట్టేశారు. పనస, పడవ, వల. ఈ మూడు మాటలతో మొదలుపెట్టారు. మూడూ పిల్లలు రోజూ చూసేవే. వాటిలో ఉన్న ఆరు అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే ఇంకో పది మాటలు వస్తాయి. "కొత్తది దొరికిందా? ఇంకోటి దొరుకుతాదేమో సూడు" అంటూ పీతల కోసం బొరియలు వెతికించినట్టు వెతికించేవారు. నాలుగో తరగతి పిల్లకి ఒకటో తరగతి మాటలంటే నామోషీ కదా. దానికీ ఉపాయం ఉంది. నీలవేణిని చిన్నపిల్లల దగ్గర కూర్చోబెట్టి, "వీళ్ళకి నువ్వే టీచరువి. రేపు సెప్పాల్సింది ఇయ్యాల నువ్వు సదువుకోవాల" అనేవారు. సులువైన పుస్తకాలన్నీ ఆ పిల్ల తలెత్తుకునే చదివింది.

రోజూ పొద్దున్న ఒకరిని అడిగేవారు, "నిన్న మీ ఇంటికాడ ఏటయ్యింది?" అని. "మా కుక్క పీతతో దెబ్బలాడినాది" అన్నాడు ఒకడు. ఆవిడ ఆ మాట అన్నది అన్నట్టే నల్లబల్ల మీద రాసి, వాడిచేతే చదివించారు. తరవాత పాత క్యాలెండరు వెనక రాసి, మాటలుగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ పేర్చమన్నారు. వాడు పీతని కుక్కతో దెబ్బలాటకి పంపాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎందుకు నవ్వారు? చదివారు కాబట్టి నవ్వారు. నాకది వెలిగేసరికి ఒక రోజు పట్టింది. అప్పటికి మాత్రం, "పుస్తకంలో ఇలాంటి భాష ఉండదు కదా మేడం" అని వాదించాను.

"పుస్తకం దాకా నడిసెళ్ళాల కదా బాబూ. ముందు ఇంట్లోంచి బయల్దేరనీ" అన్నారు.

నాకు అన్నిటికంటే కష్టమైంది నోరు మూసుకోవడం. పిల్ల ఒక మాట దగ్గర ఆగితే నా నాలుక ఊరుకోదు, టక్కున అందించేస్తాను. ఆవిడ ఊరుకునేవారు. పిల్ల చదువుతున్నంతసేపూ ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. "ఇది నోట్లో ఉంటే ఇంకో మాట రాదు" అని నాకూ ఒకటి ఇచ్చారు. ఆ ఏడాది నేను తిన్నన్ని లవంగాలు నా జన్మలో తినలేదు. "నువ్వు అందించిన మాట నీదే బాబూ. అది ఎతుక్కున్న మాట దానిది" అనేవారు. ఆగిన పిల్ల మొహంలోకి చూడకూడదట, భయపడుతుంది. పుస్తకంలోకి చూస్తూ ఉండాలి. చాలాసేపటికి కూడా రాకపోతే, "ముందు మాట ఏటి? తర్వాత ఏటుంది? ఇక్కడేటి ఉంటే కుదురుతాది?" అని అడగాలి. పిల్ల ఊహించి చెబితే తప్పు లేదు, కానీ "ఊహించినావా, సూసినావా? సూసి సరిపోల్సుకో" అని వెనక్కి పంపాలి. సోమవారాన్నీ గురువారాన్నీ వేరుచేసేది ఆ సరిపోల్చుకోవడమే.

మధ్యాహ్నం ఆఖరి అరగంట ఆవిడదే. అన్ని తరగతుల్నీ కలిపి కూర్చోబెట్టి ఒక కథ చదివి వినిపించేవారు. మంచి పట్టులో పుస్తకం మూసి, కిటికీలో పెట్టేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయేవారు. నాకు మొదట్లో ఇది ఒట్టి ఆటగా అనిపించింది. ఒకరోజు గంట కొట్టి చాలాసేపయ్యాక బండి తాళం మరిచిపోయి వెనక్కి వస్తే, కిటికీ దగ్గర నీలవేణి. ఈనె పట్టుకుని, కథలో తర్వాతి పేజీ మీద ఒక్కో మాటా తోసుకుంటూ పోతోంది. నేను తలుపు దగ్గరే ఆగి, తాళం తీసుకోకుండా రోడ్డు మీదకి వెళ్ళి పావుగంట నిలబడ్డాను.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, గోడల మీద చార్టులు లేవేమని అడిగాడు. ఆవిడ, "సదవాల్సింది గోడలా, గుంటలా బాబూ?" అన్నారు. గుంటలంటే మా వైపు పిల్లలు. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. చార్టులు లేవని రాసుకుని వెళ్ళాడు. ఆ చార్టులు కట్టే పని కూడా తర్వాత నాకే పడింది.

సెలవులు ఇచ్చే రోజు రానే వచ్చింది. తల్లి చెప్పినట్టే వచ్చింది. నీలవేణి పుస్తకం తీసింది. తల్లి అడ్డంగా చెయ్యి ఊపింది.

"పుస్తకం ఒద్దు. అప్పుడూ పుస్తకం గడగడా సదివినాది. నాకు అచ్చరం రాదు. ఇది సదివిందో, పాట పాడినట్టు పాడిందో నాకెలా తెలుస్తాది?"

తల్లి అడిగింది న్యాయమే. పెద్ద టీచరుగారు ఒక్క నిమిషం ఆలోచించి, పిల్లని తన గదిలో కూర్చోమన్నారు. తల్లిని బోరింగు దాకా తీసుకెళ్ళమని నాతో చెప్పారు. "నీ కూతురికి తెలియంది, నీకు మాత్తరమే తెలిసింది ఏదో ఒకటి ఈ మేస్టారు సెవిలో సెప్పు. ఆయన రాత్తాడు. అది సదువుతాది. అప్పుడు నీకే తెలుస్తాది" అన్నారు తల్లితో.

తల్లి కొంచెం సిగ్గుపడి నా చెవిలో చెప్పింది. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చి నీలవేణి ముందు పెట్టాను. పిల్ల ఈనె ఆన్చింది. "ఉ... ఉట్టి... మీద..." ఆగింది. "సిన్న కుండలో... బె... బెల్లం..." అంతే, ఆఖరి మాట ఇంకా నోట్లోకి రాకముందే మొహం విప్పారిపోయింది. "దాసినాను!" అని చదివేసి, "ఎప్పుడు దాసినావే అమ్మా? నాకు సెప్పనేదేటి?" అంది.

నేను పగలబడి నవ్వాను. తల్లి నవ్వలేదు. "ఇంకోటి రాయండి బాబూ" అంది. మళ్ళీ బోరింగు దగ్గరకి వెళ్ళాం. ఈసారి నేల చూస్తూ నెమ్మదిగా చెప్పింది, నేను రాశాను.

కాగితం ముందు పెట్టాను. నీలవేణి పైకి చదివింది. "సీటీ రోజు... నిన్ను... కొట్టినాను." అక్కడ గొంతు ఆగిపోయింది. నా లోపల మాట గిలగిల్లాడింది. పెద్ద టీచరుగారు నా మోచెయ్యి నొక్కారు. చూస్తే ఈనె కదులుతోంది. పెదవులు కదలడం లేదు, ఈనె మాత్రం ఒక్కో మాట కిందా ఆగి ముందుకి పోతోంది. ఆ మిగిలిన వాక్యం, "తప్పు నీది కాదంట." ఈనె చివరికంటా వెళ్ళింది. పిల్ల తలెత్తి తల్లిని చూసింది.

"సాలు బాబూ. సదివినాది" అంది తల్లి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జూన్లో పంపుతాను."

పెద్ద టీచరుగారు బయటికెళ్ళి బోరింగు కొట్టి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చి, "రిజిస్టర్లో ఐదో తరగతికి రాసెయ్యి బాబూ, రాత బాగుంటాది నీది" అన్నారు.

నీలవేణి కలెక్టరేమీ కాలేదు. ఇంటర్ దాకా చదివింది. పెళ్ళయ్యాక కవిటిలో ఒక మందుల షాపులో పనికి కుదిరింది. రక్తపరీక్ష కాగితాలు, ఆస్పత్రి చీటీలు పట్టుకుని ఎవరొచ్చినా కూర్చోబెట్టి చదివి చెబుతుంది. చదివాక, "ఇంకోసారి సూత్తానుండు మావా" అని మళ్ళీ మొదటినుంచీ చూస్తుందట. అది విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు ట్రైనింగుల్లో ఇవే సంగతులు తెర మీద బొమ్మలేసి చెబుతున్నారు. వెనక బెంచీలో కూర్చుని నాలో నేను నవ్వుకుంటాను. నాకు ఉద్యోగం ఇచ్చింది ట్రైనింగు కాలేజీ. చదువు చెప్పడం నేర్పింది ఆవిడ. ఆవిడే లేకపోతే నేను ఇవాళ్టికీ మంచి గొంతున్న మేస్టారుగానే మిగిలిపోయేవాణ్ణి. ఇంకెన్ని చీటీలు తప్పుగా చదివించేవాణ్ణో తలచుకుంటే భయమేస్తుంది. ఆవిడకి నేను ఈ మాట సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబోతే రిజిస్టరు చేతిలో పెట్టేవారు.

పోయిన నెలలో టెక్కలిలో తమ్ముడింటికి వెళ్ళి చూశాను. మంచం మీద చాలా చిన్నగా అయిపోయారు. చెయ్యి వాచి ఉంది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే వినిపించుకోలేదు. "నీ కళాసులో ఆగే గుంటలున్నారా?" అని అడిగారు.

"చాలామందే ఉన్నారు మేడం."

"మంచిది. ఆగనీ" అన్నారు. అంతకుమించి ఓపిక లేకపోయింది.

బుధవారం వాళ్ళ ఊళ్ళో సమాధి చేశారు. మూలపేట పోర్టుకి పోయే లారీల వెనక మా ఆటో నత్తనడక నడిచింది. మేం చేరేసరికి పెట్టె అప్పటికే కిందికి దించారు. మా బడి ఊరినుంచి రెండు ఆటోల జనం వచ్చారు. నీలవేణి వచ్చింది, తల్లినీ, ఈ ఏడే ఒకటో తరగతిలో చేరిన కూతుర్నీ వెంటబెట్టుకుని. మన్ను పోశాక తమ్ముడు తలవైపు నల్లచెక్క శిలువ పాతాడు. దాని మీద తెల్లరంగుతో ఆవిడ పేరు ఉంది. అన్నేళ్ళూ పెద్ద టీచరనీ మేడమనీ అన్నామే గానీ, ఆ పేరు మాలో ఎవరమూ పైకి పలికి ఎరగం.

పాస్టరుగారు ప్రార్థనకి పుస్తకం తెరిచారు. నీలవేణి కూతురు తల్లి చెయ్యి వదిలించుకుని శిలువ దగ్గరకి వెళ్ళింది. మొదటి అక్షరం పైకి చదివింది. రెండోది చదివింది. మూడో దాని దగ్గర ఆగింది. పాస్టరుగారు పిల్లని చూసి, పేజీలో వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డారు. నీలవేణి వెళ్ళి కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, పెదవులు బిగించి. అక్కడున్న వాళ్ళలో సగం మందికి చదువు చెప్పింది ఆవిడే. ఆ పేరు అందరికీ తెలుసు. ఎండ చురుక్కుమంటోంది. ఒక్కరూ అందించలేదు. పిల్ల ఆ అక్షరాన్నే చూస్తోంది.